సవరణకు అయిదు మార్కులు

పదేళ్ల కిందటి మాట. డిగ్రీ రెండో ఏడాది జర్నలిజం పిల్లలకి ఒక అసైన్‌మెంటు ఇచ్చాను. మన పేట రైతుబజారుకి వెళ్లండి, ఓ పూటంతా తిరగండి, నలుగురితో మాట్లాడి మూడు వందల మాటల్లో కథనం రాసుకురండి అని. ఒకబ్బాయి రాసింది చదువుతుంటే కడుపు నిండిపోయింది. కొత్తిమీర కట్టల మీద నీళ్లు చల్లుతున్న చప్పుడుతో మొదలుపెట్టాడు. తొలి బస్సులో వంకాయల గంపతో దిగిన ముసలాయన, అరకిలో బెండకాయల దగ్గర రెండు రూపాయలకి పేచీ పెట్టుకున్న రిటైర్డు మాస్టారు, ధరల బోర్డు మీద సుద్దముక్కతో చెరిపి రాసిన అంకెలు, అన్నీ కళ్లకి కట్టాడు. పదికి తొమ్మిది వేశాను. అంతటితో ఊరుకోక, రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడకి చదివి వినిపించాను.

ఆవిడ మజ్జిగ పోస్తూ, "ఏ రోజు వెళ్లాడట?" అంది.

"మొన్న మంగళవారం. తేదీ కూడా వేశాడు."

"మొన్న మంగళవారం బజారు మూసేశారు కదండీ. నేను సంచి ఊపుకుంటూ వెళ్లి ఊపుకుంటూ వచ్చాను."

మర్నాడు పిలిచి అడిగితే కుర్రాడు తడుముకోలేదు. చిన్నప్పుడు తాతయ్యతో వెళ్లిన రోజు గుర్తుచేసుకుని రాశాడట. "అబద్ధం కాదు సార్, అన్నీ చూసినవే. తేదీ ఒక్కటే కొత్తది" అన్నాడు. కోప్పడదామని నోరు తెరిచేలోగా ఇంకో మాట కూడా అనేశాడు. "అయినా ఇది చదివేది మీరొక్కరే కదా సార్."

ఆ మాటకి నా దగ్గర జవాబు లేకపోయింది. నేను పాఠాలు చెప్పడానికి రాకముందు ఓ దినపత్రిక డెస్కులో పద్దెనిమిదేళ్లు పనిచేశాను. శుభకార్యాల వార్తలో ఎవరి ఇంటిపేరో తేడాగా పడితే చాలు, తెల్లారి నేను కాఫీ తాగేలోపే ఫోను మోగేది. "మేము కొమ్మినేని వాళ్లమండీ, కొమ్మారెడ్డి వాళ్లం కాదు" అని మొదలయ్యే ఆ ఫోన్లకి భయపడి భయపడి నేను పని నేర్చుకున్నాను. ఏ స్టైల్ షీటూ అంత బాగా నేర్పలేదు. మా పిల్లలకి ఆ ఫోను లేదు. మూడేళ్లపాటు వాళ్లు రాసేదంతా చదవడానికి జీతం పుచ్చుకునే ఒక్కగానొక్క పాఠకుడి కోసం. ఆ పాఠకుడికి కొత్తిమీర మీద నీళ్లంటే ఇష్టమని కనిపెట్టేశారు, అదే వడ్డించారు.

ల్యాబ్ జర్నల్, అంటే పిల్లలే తీసే కాలేజీ పత్రిక, లేదా అంటారేమో. ఉంది. ఉస్మానియాలో జర్నలిజం శాఖ పెట్టింది 1954లో. ఈ చదువు మన దగ్గర అంత పాతది. ప్రయోగాలకి ల్యాబ్ జర్నల్ అన్నది ఏ కాలేజీలో చూసినా కనిపించేదే. మాదీ ఉండేది. నాలుగు పేజీలు, ఏడాదికి రెండు సంచికలు, సంచికకి మూడు వందల కాపీలు. మొదటి పేజీలో ప్రిన్సిపాల్ గారి సందేశం, చివరి పేజీలో క్రీడోత్సవం. స్టాఫ్ రూములో అల్మరా వెనక ఇప్పటికీ కట్టలు విప్పనివి ఉన్నాయి. దాన్ని తిట్టడం నా ఉద్దేశం కాదు, పేజీ పెట్టడం నేర్పింది. కాకపోతే అందులో తప్పు పడిందని ఫోను చేసినవాడు ఒక్కడూ లేడు.

అలా 2016 జూన్‌లో ఫేస్‌బుక్‌లో ఒక పేజీ తెరిచాం. ప్రాజెక్టుకి యాభై మార్కులు. హద్దు ఒకటి గీశాను. కాలేజీ గేటు దగ్గర్నుంచి ఏలూరు కాలువ వంతెన దాకా, మహా అయితే కిలోమీటరున్నర రోడ్డు. దాని అవతల ఏం జరిగినా మనకి అక్కర్లేదు. ఢిల్లీలో ప్రభుత్వం పడిపోయినా సరే, ఆ వార్త వేరేవాళ్లు చూసుకుంటారు. ఈ రోడ్డు మీద మాత్రం గోతిలో స్కూటరు పడితే మనకి తెలియాలి. పేజీకి ఆ రోడ్డు పేరే పెట్టారు పిల్లలు. "ఫేస్‌బుక్కు చూసుకోవడానికి మార్కులు కూడానా?" అని స్టాఫ్ రూములో ఒక పెద్దాయన చమత్కరించారు. ఆయన ఫోనులో అప్పటికి మూడు గంటలుగా అదే తెరిచి ఉంది, నేనేమీ అనలేదు.

నిజానికి ఇందులో కొత్తదనం కూడా ఏమంత లేదు. ఈనాడు 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో పుట్టింది, పదిహేనేళ్లు తిరక్కుండా 1989లో జిల్లాకో టాబ్లాయిడ్ వేసి ప్రధాన పత్రికలో పెట్టి ఇవ్వడం మొదలెట్టింది. అప్పట్లో అందరూ నవ్వారు, గేదె తప్పిపోయినా వార్తేనా అని. నవ్వినవాళ్లే ముందు టాబ్లాయిడ్ తీసి చూసేవాళ్లు, తర్వాతే ప్రధానమంత్రి సంగతి. మండలానికో కంట్రిబ్యూటరు, లైనుకింత అని లెక్క. ఆ కంట్రిబ్యూటరు తను రాసినవాళ్ల మధ్యే బతకాలి. రాసిన మర్నాడు అదే హోటల్లో అదే బల్ల మీద టీ తాగాలి. నా కిలోమీటరున్నర రోడ్డు ఆ టాబ్లాయిడ్‌కి మనవరాలు, అంతకంటే గొప్ప ఏమీ లేదు.

మొదటి నెల ఘోరంగా సాగింది. మిర్చి బజ్జీల ఫొటోలు, సూర్యోదయాలు, కాలేజీ గోడ మీద పిల్లి. ఓ సినిమా హీరో ఫ్లెక్సీ ఫొటోకి నాలుగు వేల లైకులు వచ్చాయి. మురుక్కాలువ పూడిక మీద ఒకమ్మాయి మూడు రోజులు తిరిగి రాసినదానికి తొమ్మిది. ఆ తొమ్మిదిలో ఒకటి నాది, ఇంకొకటి వాళ్ల అమ్మది.

తర్వాత స్పీడ్ బ్రేకరు వచ్చింది. మలుపు దగ్గర కొత్తగా వేశారు, తెల్ల చారలు వేయలేదు. ఒకమ్మాయి మధ్యాహ్నం అరగంట నిలబడి, వచ్చిన బండ్లెన్ని, దాన్ని చూడకుండా ఎగిరిపడ్డవెన్ని లెక్కేసి నాలుగు వాక్యాలు పెట్టింది. సాయంత్రానికి కింద ఒక ఆటో డ్రైవరు రాశాడు. "అమ్మా, మీరు పగలు లెక్కేశారు. రాత్రి తొమ్మిదికి రండి, అక్కడ లైటు వెలగదు. అప్పుడు లెక్కేయండి." ఆ పిల్ల వాళ్ల నాన్నని వెంటబెట్టుకుని రాత్రి వెళ్లింది. పగటి కంటే రెట్టింపు పైన తేలింది. మర్నాడు క్లాసులో ఆ రెండు లెక్కల్నీ పక్కపక్కన బోర్డు మీద రాశాను. పద్దెనిమిదేళ్లు నన్ను బెదరగొట్టిన ఫోను మళ్లీ మోగినట్టనిపించింది. చారలు పడ్డాయా అని అడక్కండి. ఆ సెమిస్టరులో పడలేదు.

ట్విటర్‌లో కూడా ఒక ఖాతా తెరిచాం. అక్కడ తెలుగువాడికి ఎదురయ్యే బాధ ఇంకెక్కడా ఎదురవదు. అప్పటికి నూట నలభై అక్షరాలే. మనం ఒక్క అక్షరం అనుకునేదాన్ని ఆ యంత్రం అలా అనుకోదు. హల్లు వేరు, గుణింతం వేరు, ఒత్తు పెట్టాలంటే ముందు ఓ పొల్లు, అదీ వేరు. 'స్త్రీ' అంటే మనకి ఒకటి, దానికి ఆరు. 'రాష్ట్రం' మనకి రెండు, దానికి ఎనిమిది. ఇది బోర్డు మీద విడగొట్టి చూపిస్తే వెనక బెంచీలోంచి ఒకడు, "అంటే సార్, మన ఒత్తులకి కూడా అద్దె కడుతున్నామా?" అన్నాడు. కడుతున్నాం మరి. దాంతో ఒక మేలు జరిగింది. 'నిర్వహించడం జరిగింది', 'పాల్గొనడం జరిగింది' అనే జబ్బు మూడు వారాల్లో కుదిరింది. డెస్కులో నేను ఎర్ర కలంతో పద్దెనిమిదేళ్లు కొట్టేసినా కుదరనిది అద్దె భయంతో కుదిరింది. 2017 నవంబరులో హద్దు 280 చేశారు, జబ్బు కొంత తిరగబెట్టింది.

పనిముట్ల సంగతి ఎక్కువ చెప్పను. పాఠ్యప్రణాళికలో ఏ పనిముట్టు పేరు రాసినా దానికి ఆయుష్షు తీరిపోయేది. ముక్కలు ఏరి కథనంగా కుట్టుకోవడానికి స్టోరిఫై నేర్పాను, 2018 మేలో మూసేశారు. గూగుల్ ప్లస్ మరుసటి ఏడాది పోయింది. ఒక బ్యాచి టిక్‌టాక్‌లో ముప్ఫై నిమిషాల పనిని నిమిషానికో ముక్కగా చేసి పెట్టింది. 2020 జూన్ 29 రాత్రి ప్రభుత్వం నిషేధించింది, ఆ బ్యాచి ప్రాజెక్టు మొత్తం గంగలో కలిసింది. నేను నోటు పుస్తకంలో రాసుకున్న మార్కులే మిగిలాయి. మన అచ్చుయంత్రం మనది కాదన్న సంగతి పిల్లలకి నేను చెప్పనక్కర్లేకపోయింది. జహీరాబాద్ దగ్గర మాచనూరులో సంగం రేడియో ఉంది, 2008 అక్టోబరులో మొదలైంది, దళిత మహిళలే నడుపుతారు. వాళ్ల రేడియో వాళ్లది. వాళ్ల శ్రోత ఏ గడపలో ఉంటుందో వాళ్లకి తెలుసు. మాకు ఫాలోయర్లు ఉన్నారు, వాళ్లకి శ్రోతలున్నారు. ఈ తేడా గురించి ఎప్పుడైనా విడిగా రాయాలి.

ఇంకొకటి ఒప్పుకోవాలి. ఈ ప్రాజెక్టు ఎత్తుకున్నప్పుడు నేను ఆలోచించని విషయం అమ్మాయిల పేర్లు. బైలైన్ అంటే నా తరానికి పండగ. పేరు పడిన పత్రిక కత్తిరించి దాచుకున్నవాణ్ని. అందుకని ప్రతి పోస్టు కిందా రాసినవారి పేరు పెట్టించాను. రెండో నెలలో ఒక తండ్రి వచ్చారు. "మా అమ్మాయి పేరు తీసేయండి సార్" అని తప్ప కారణం చెప్పలేదు. ఏదో చాదస్తం అనుకున్నాను. రెండు వారాల తర్వాత ఆ పిల్లే ఫోను నా చేతిలో పెట్టింది. పేజీలో పేరు చూసి, వెతికి పట్టుకుని, ఎవరెవరో పంపిన సందేశాలు. నేను మూడు చదివి ఫోను తిరిగి ఇచ్చేశాను. ఆ రోజునుంచి పేర్లు తీసేశాం, ఇన్‌బాక్సు చూసే పని నేనూ ఇద్దరబ్బాయిలూ తీసుకున్నాం. అయితే ఇంకో అమ్మాయి ఒప్పుకోలేదు. "ఎండలో తిరిగింది నేను సార్, ఎవడో ఏదో అన్నాడని నా పేరు నేనెందుకు తీసేసుకోవాలి?" అంది. ఆ పిల్ల పేరు ఉంచాం. ఎవరి పేరు ఉండాలో వాళ్లే చెబుతారు అన్నది అప్పట్నుంచి మా నియమం. సరైన నియమమేనా అంటే, ఇంతకంటే మంచిది నాకు తట్టలేదు.

2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో ఊరూరా పాకింది. జోగులాంబ గద్వాల జిల్లాలో పోలీసులు పల్లెల్లో డప్పు కొట్టి, పాటలు పాడి మరీ అది అబద్ధమని చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ జులైలో హైదరాబాద్ నుంచి స్నేహితులతో కారులో వెళ్లిన ఓ యువ ఇంజినీరుని బీదర్ జిల్లా ముర్కి దగ్గర కొట్టి చంపేశారు. దారిలో బడిపిల్లలకి చాక్లెట్లు ఇవ్వడమే వాళ్లు చేసిన పాపం. వీడియో వాళ్ల కారు కంటే ముందు పక్క ఊరు చేరింది. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదు చాట్లకి మించి ఫార్వర్డు చేయకుండా కట్టడి చేసింది.

సెమిస్టరు మొదలవగానే ఒక పని పెట్టాను. మీ ఇంటి వాట్సాప్ గుంపులోకి వచ్చిన ఏదైనా ఒక ఫార్వర్డు తీసుకోండి. పంపినవారిని, మీకెవరు పంపారని అడగండి. వాళ్లు చెప్పినవారిని అడగండి. అలా వెనక్కి వెళ్లి మూలం పట్టుకోండి. నలభై ఒక్క మందిలో మూలం దాకా వెళ్లినవాడు లేడు. నాలుగు మెట్లు దాటినవాళ్లు ముగ్గురు. మిగిలినవాళ్లంతా మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయారు. ఎందుకంటే మొదటి మెట్టు మీద పెదనాన్న కూర్చుని ఉన్నాడు.

ఇది ఏ ఇంగ్లీషు పాఠ్యపుస్తకంలోనూ లేదు. ఫొటో ఎక్కడిదో వెనక్కి వెతికే ఉపాయం ఉంది, వీడియోని ముక్కలు చేసి పరీక్షించే ఉపాయం ఉంది. పెదనాన్నతో, అదీ ఫీజు కట్టిన పెదనాన్నతో, మీరు పంపింది అబద్ధమండీ అని నలభై మంది చుట్టాల ముందు చెప్పే ఉపాయం లేదు. ఒకడు చెప్పాడు. సంక్రాంతికి ఆ ఇంటికి పిలుపు రాలేదు. "నిజం చెప్పాను, అరిసెలు పోయాయి సార్" అని రిపోర్టులో చివరి వాక్యం రాశాడు. మంచి వాక్యం, మార్కు వేశాను.

దీనికి విరుగుడు ఒకమ్మాయి కనిపెట్టింది. వాళ్ల పెదనాన్నగారు రిటైర్డు తహసీల్దారు. ఏదో కాయ తింటే షుగరు పోతుందని పంపారు. ఈ పిల్ల గుంపులో ఏమీ అనకుండా విడిగా ఫోను చేసింది. "పెదనాన్నా, మీరు పంపింది మా సార్‌కి చూపించాలనుంది. దీన్ని చెప్పిన డాక్టరు పేరుంది కదా, ఆయన నిజంగా ఆ ఆస్పత్రిలో ఉన్నాడో లేదో మీరే ఒకసారి కనుక్కుని చెప్పరూ? నేనడిగితే ఎవరూ చెప్పరు, మీరైతే పలుకుతారు" అంది. ఆయన ముప్ఫై ఏళ్లు ఫైళ్లు తిరగేసిన మనిషి. రెండు రోజులు ఫోన్లు చేశారు. ఆ పేరుతో అక్కడ డాక్టరే లేడని తేల్చారు. గుంపులో ఆయనే రాశారు, విచారణలో తేలినదేమనగా అని మొదలుపెట్టి. ఇప్పుడు ఆ గుంపులో ఎవరేం పంపినా ముందు ఆయన దాటాలట. నేను ఆ ఏడాది చెప్పిన ఏ పాఠమూ దీనికి సాటిరాదు. ఆ మరుసటి ఏడాది నుంచి ఈ పద్ధతినే నేర్పుతున్నాను. దానికి పిల్లలు పెట్టిన పేరు తహసీల్దారు పద్ధతి.

2024 సెప్టెంబరు 1 పొద్దున బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మీద పడింది. కృష్ణ కూడా పొంగింది, ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల 43 వేల క్యూసెక్కులు, అంత నీరు అంతకుముందెప్పుడూ దాటలేదు. ఆ అంకె టీవీల్లో పెద్ద అక్షరాల్లో తిరుగుతూనే ఉంది. సింగ్‌నగర్‌లో డాబా ఎక్కి కూర్చున్నవాడికి ఆ అంకె దేనికి పనికొస్తుంది? వాణ్ని ముంచింది బ్యారేజీ నీళ్లు కావు. మా క్లాసులో ఒకమ్మాయి ఇల్లు అక్కడే. సిగ్నలు వచ్చినప్పుడల్లా పేజీలో ఒక్క వాక్యం పెట్టేది. "మా ఇంటి మెట్లు పన్నెండు. ఆరింటికి నాలుగు మునిగాయి." తర్వాత, "ఎనిమిదిన్నరకి ఆరోది." మధ్యాహ్నానికి, "ఏడోది సగం. గంట నుంచి కదల్లేదు."

విశేషణం లేదు, ఫొటో లేదు. కువైట్ నుంచి ఒకతను కింద రాశాడు. "చెల్లెమ్మా, మాది మీ పక్క వీధే. మీ మెట్లూ మా మెట్లూ ఒక ఎత్తే. మా అమ్మ కింది వాటాలో ఉంటుంది." గంటన్నర తర్వాత ఈ పిల్ల జవాబు. "పక్క డాబావాళ్లని కేకేసి అడిగించాను అన్నా. పొద్దున్నే పైకి తీసుకెళ్లారట. టీ కూడా తాగిందట." ఆ టీ సంగతి ఎందుకు రాశావని తర్వాత అడిగాను. "బాగానే ఉంది అంటే ఎవరైనా అలాగే అంటారు సార్. టీ తాగింది అంటే నిజంగా కనుక్కున్నట్టు తెలుస్తుంది" అంది. పద్దెనిమిదేళ్ల డెస్కు అనుభవంతో నేను దానికి చేర్చగలిగింది ఏమీ కనిపించలేదు.

ఆ రెండు రోజులూ నేను ఇంట్లో కూర్చుని నిమిషానికోసారి పేజీ తెరుస్తూనే ఉన్నాను. "అది పిల్లల పేజీయా, మీ పేజీయా?" అంది మా ఆవిడ.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. యాభై మార్కులూ ఎలా పంచానో చెప్పలేదు కదా. తిరిగినందుకు ఇరవై, రాసినందుకు పదిహేను, కింద మాట్లాడినవాళ్లకి జవాబిచ్చినందుకు పది, సవరణకు అయిదు. లైకులకు సున్నా. తప్పు రాస్తే, ఆ తప్పుని పదిమంది ముందు దిద్దుకుంటే ఆ అయిదూ ఇస్తానన్నాను. మూడేళ్లు ఆ అయిదు మార్కులు ఒక్కరికీ పడలేదు. తప్పులు లేక కాదు. తప్పు దొరగ్గానే పోస్టు తీసేసేవాళ్లు. ఏదీ చూపించు అంటే ఏదీ లేదు.

కరోనా రావడానికి ముందు ఏడాది మూడో సంవత్సరంలో ఒక కుర్రాడుండేవాడు. చురుకు, మాటకారి. పేజీకి జనాన్ని తెచ్చిపెట్టింది వాడే. ఒక ఉదయం ఎవరో ఇన్‌బాక్సులో ఫొటో పంపారు, చట్నీలో బల్లి. మలుపు దగ్గర ఇడ్లీ బండిదని రాశారు. వీడు రోడ్డుకి ఇవతల నిలబడి బండి ఫొటో తీశాడు. రెండూ పక్కపక్కన పెట్టి, 'మీరు తింటున్నది ఇదేనా?' అని శీర్షిక తగిలించి ఎనిమిదీ నలభైకి వదిలాడు. మధ్యాహ్నానికి మూడు వందల పన్నెండు షేర్లు. నేను క్లాసులో ఉన్నాను, ఫోను మూగగా ఉంది.

రెండింటికి రెండో ఏడాది అమ్మాయి ఒకతి వచ్చి, "సార్, ఆ గిన్నె చూశారా?" అంది. "ఆ బండి పిన్ని చట్నీ స్టీలు బకెట్లో ఉంటుంది సార్. ఇది ప్లాస్టిక్ డబ్బా. నేను రోజూ తింటాను." అప్పుడు ఆ ఫొటోని వెనక్కి వెతికాం. రెండేళ్ల కిందటిది. ఊరు కూడా మనది కాదు.

నేను వాడిని పిలిచేలోపు వాడు పోస్టు తీసేశాడు. అప్పటికే దాని స్క్రీన్‌షాట్లు వాట్సాప్‌లో ఊరు చుడుతున్నాయి. "తీసేస్తే ఏం పోయిందిరా? తప్పు బయట తిరుగుతోంది, అది మనదని చెప్పే గుర్తు పోయింది, అంతే" అన్నాను. సవరణ రాయమన్నాను. మొదటి కాపీలో, ఎవరి మనోభావాలైనా దెబ్బతిని ఉంటే చింతిస్తున్నామని రాసుకొచ్చాడు. "ఎవరి మనోభావాలు? పోయినవి ఆవిడ ఇడ్లీలు" అని కొట్టేశాను. అయిదో కాపీకి కుదిరింది. ఫొటో ఈ బండిది కాదు, మేం కనుక్కోకుండా పెట్టాం, తప్పు మాది. మూడే ముక్కలు. సాయంత్రం పెట్టాం. మర్నాటికి పదిహేడు షేర్లు.

మూడు వందల పన్నెండు, పదిహేడు. బోర్డు మీద ఆ రెండంకెలూ రాసి ఏమైనా అందామనుకున్నాను గానీ, క్లాసు అప్పటికే నిశ్శబ్దంగా ఉంది. నలుగురం లేచి బండి దగ్గరికి వెళ్లాం. పది గంటలు. మామూలుగా తొమ్మిదింటికే ఆవిడ గిన్నెలు తోముకుంటూ ఉంటుంది. ఆవేళ ఇడ్లీ పాత్ర మూత తీస్తే రెండు వాయలు అలాగే ఉన్నాయి.

కుర్రాడు చెప్పాలనుకున్నదంతా ఒక్క గుక్కలో చెప్పేసి, ఫోనులో సవరణ చూపించబోయాడు. ఆవిడ చెయ్యి తుడుచుకుని ఫోను తీసుకోలేదు. "నాది చిన్న ఫోను బాబూ, నువ్వు పెట్టిందీ నేను చూళ్లేదు, దిద్దిందీ చూళ్లేదు. రోజూ వచ్చేవాళ్లు రాకపోవడం చూశాను" అంది. కాసేపాగి, "ఆ దిద్దిందేదో కాయితం మీద రాసి ఇక్కడ అంటించు. తినేవాళ్లు ఇక్కడికే కదా రావాల్సింది" అంది.

పక్క కొట్లో చార్టు, స్కెచ్ పెన్ను కొన్నాం. వాడు ఫుట్‌పాత్ మీద కూర్చుని పెద్ద అక్షరాలతో రాశాడు. కింద కాలేజీ పేరు, పేజీ పేరు, అడక్కుండానే తన పేరు. బండి అద్దానికి టేపు వేసి అంటించాం. ఆవిడ కొడుకు, ఆరో తరగతి, బడికి ఆ రోజు ఎందుకు వెళ్లలేదో గానీ అక్కడే ఉన్నాడు. చార్టు కింద నుంచి పైకి, పై నుంచి కిందకి చదివాడు. "అన్నా, క్షమాపణకి 'ణ' కదా, 'న' రాశావు" అన్నాడు.

కుర్రాడు పెన్ను తీసి దిద్దాడు. ఆ చార్టు పద్దెనిమిది రోజులు ఉంది, తర్వాత వానకి తడిసి పోయింది. జనం మళ్లీ రావడానికి నెల పట్టిందని ఆవిడ చెప్పింది.

సవరణకు అయిదుకి నాలుగు వేశాను. ఒకటి ఆ 'ణ'కి పోయింది.